గాజునాళికలో గర్భవాసము: ఆచార్య పంచానన మహేశ్వరి

విత్తనము నేలలో పడి, తడి తగిలి, మొలకయై పైకి వచ్చు వైనము బడిపిల్లలకు సైతము తెలిసినదే. ఆ విత్తనము విత్తనమగుటకు ముందు, పూవు నడుమ, కాయ కడుపులో, కంటికి కానరాని పిండముగా గడపిన దినముల కథ ఎరిగినవారు మాత్రము కొద్దిమంది. ఆ దినములలో దానికి ఆహారమేది? దానిని పోషించు రసమెట్టిది? తల్లి కడుపునుండి వెలికి తీసి గాజునాళికలో నుంచినచో అది బ్రతుకునా? బ్రతుకవలెనన్న దానికి ఎంత తీపి కావలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై తన ప్రయోగశాలను, శిష్యులను, జీవితపు చివరి సంవత్సరములను ధారపోసిన భారతీయుడు ఆచార్య పంచానన మహేశ్వరి.

మహేశ్వరిగారు 1904 నవంబరు 9వ తేదీన జయపురమున జన్మించిరి. సరిగా ఆ యేడే జర్మనీదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఎమిల్ హానిగ్, ముల్లంగి కుటుంబమునకు చెందిన మొక్కల గింజలనుండి పిండములను మాత్రము వేరుచేసి, లవణములు కలిపిన ద్రావణములో పెంచి, ఆ ఫలితములను ప్రకటించెను. లవణములు ఎన్ని యున్నను చక్కెర లేనిదే పిండములు చక్కగా పెరుగలేదు. చెరకు చక్కెర చేర్చినప్పుడు పెరిగినవి. అంతకు రెండేండ్లు ముందు, 1902లో, ఆస్ట్రియా పండితుడు హాబర్లాంట్ ఆకులనుండి విడదీసిన కణములను చక్కెర కలిపిన ద్రావణములో నుంచి చూచెను. అవి కొంతకాలము జీవించినవి, పరిమాణమున పెరిగినవి, కాని విభజన చెందలేదు. మొక్క శరీరమునుండి తీసిన కణమును పిండమువలె పెంపవచ్చునను ఆశ మాత్రము ఆయన వ్యాసముతో శాస్త్రలోకమున నాటుకొనెను. జయపురమున పుట్టిన శిశువునకును, ఐరోపాలో పుట్టిన ఈ విద్యకును ఆనాడు సంబంధమేమియు లేదు. ఆ రెండును కలిసికొనుటకు అర్ధశతాబ్దము పట్టెను.

మహేశ్వరిగారి తండ్రి సామాన్యమైన గుమాస్తా. సంపద స్వల్పమైనను కుమారుని చదువు విషయమున ఆయన వెనుదీయలేదు. బాలునకు వైద్యుడు కావలెనను కోరిక యుండెను. కాని కంటిచూపు మందముగా నుండుటచే ఆ ఆశ విడువవలసి వచ్చెను. చూపు చాలదని వైద్యవిద్యకు దూరమైనవారు జీవితమంతయు సూక్ష్మదర్శినిలోనికి చూచుటయందే గడపుట విధివిలాసము కాక మరేమి?

ఉన్నతవిద్యకై ఆయన అలహాబాదులోని యూయింగ్ క్రిస్టియన్ కళాశాలలో చేరిరి. అక్కడ వృక్షశాస్త్రము బోధించుచుండిన విన్‌ఫీల్డ్ డడ్జన్ గారు అమెరికా దేశస్థులు, మతప్రచారకులుగా ఈ దేశమునకు వచ్చినవారు. విద్యార్థులను వెంటబెట్టుకొని కొండలకును అడవులకును పోయి, మొక్కను పుస్తకములో గాక నేలపైననే చదువవలెనని నేర్పినవారాయన. మహేశ్వరిగారు 1925లో బి.ఎస్‌సి., 1927లో ఎం.ఎస్‌సి., 1931లో డి.ఎస్‌సి. పట్టములను పొందిరి. చదువు ముగిసిన వేళ శిష్యుడు గురుదక్షిణగా ఏమి సమర్పింపవలెనని వినయముతో నడిగెనట. తనకేమియు అక్కరలేదనియు, తాను శిష్యునకు చేసినదానిని ఆ శిష్యుడు తన శిష్యులకు చేసినచో అదియే చాలుననియు గురువు సెలవిచ్చెనట. ఈ ఋణమును మహేశ్వరిగారు మరువలేదు. వారి తరువాతి జీవితము ఆ ఋణమును తీర్చిన కథయే.

1930లో వారు ఆగ్రా కళాశాలలో ఉపాధ్యాయులైరి. వారు చేపట్టినది వృక్షపిండశాస్త్రము. ఆ శాస్త్రము ఎట్టి ఓర్పును కోరునో తెలిసికొనుటకు ముందు పూవు లోపల జరుగు వ్యవహారమును కొంత ఎరుగవలెను.

పరాగరేణువు కీలాగ్రముపై పడి సన్నని నాళమును సాచును. ఆ నాళము అండాశయములోనికి దిగి, అండమును చేరి, రెండు పురుషబీజములను విడుచును. ఒకటి స్త్రీబీజముతో కలియగా పిండము మొదలగును. రెండవది అండమధ్యముననున్న కేంద్రకములతో కలియగా అంకురచ్ఛదము మొదలగును. ఈ ద్విఫలదీకరణమును 1898లో రష్యా శాస్త్రజ్ఞుడు నవాషిన్ కనుగొనెను. అంకురచ్ఛదము పిండమునకు తల్లిపాలవంటిది. వరికంకి పాలు పోసికొనునప్పుడు గింజను నొక్కినచో వచ్చు తెల్లని పాలు ఇదియే. కొబ్బరికాయలోని నీరును, తెల్లని కొబ్బరియు ఇదియే. పిండము మొదట గుండ్రని ముద్దగా నుండును. పిమ్మట రెండు బీజదళములు పొడసూపగా హృదయాకారము దాల్చును. ఆపై పొడవుగా సాగును. తుదకు సంపూర్ణమై, నీరు తగ్గి, నిద్రించును. ఆ నిద్రితపిండమునే మనము విత్తనములో చూచుచున్నాము.

ఈ దశలను చూచుటకు పూమొగ్గలను వేర్వేరు దినములలో కోసి, రసాయనములలో నుంచి, మైనములో పోతపోసి, మిల్లీమీటరులో నూరవవంతు మందముగల పొరలుగా తరిగి, రంగులద్ది, ఒక్కొక్క పొరను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలింపవలెను. వందలాది పొరలలో ఏదో యొకదానిలో కోరిన దృశ్యము దొరకును. ఈ పనిలో మహేశ్వరిగారు ఆరితేరిరి. 1936-37లలో ఐరోపాలో పర్యటించి, అచటి పిండశాస్త్రజ్ఞుల పద్ధతులను స్వయముగా చూచిరి. తిరిగివచ్చి అలహాబాదులోను, లక్నోలోను కొంతకాలము పనిచేసి, 1939లో ఢాకా విశ్వవిద్యాలయమునకు వెళ్ళి, అక్కడ క్రొత్తగా నేర్పడిన జీవశాస్త్ర విభాగమును పదేండ్లు నడపిరి. ఆ పదేండ్లలో యుద్ధము వచ్చెను, కరవు వచ్చెను, దేశవిభజనము వచ్చెను. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయము వృక్షశాస్త్ర శాఖాధ్యక్షులుగా వారిని ఆహ్వానింపగా, అక్కడకు చేరిరి.

1950లో పుష్పించు మొక్కల పిండశాస్త్రమునకు ప్రవేశికగా వారు రచించిన ఆంగ్లగ్రంథము వెలువడెను. నానాదేశముల విద్యార్థులు దానిని పాఠ్యగ్రంథముగా చదివిరి. 1951లో వృక్షస్వరూప శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘమును స్థాపించి, దాని పక్షమున ఫైటోమార్ఫాలజీ అను పత్రికను నడపిరి. నలువది యారేండ్ల వయస్సున పేరు, పదవి, గ్రంథము, పత్రిక అన్నియు సమకూడెను. సామాన్యముగా అట్టి దశలో పండితులు తమకు తెలిసినదానిని పదిలపరచుకొని విశ్రమింతురు. మహేశ్వరిగారు మాత్రము అప్పుడే త్రోవ మార్చిరి.

కారణము స్పష్టము. మైనములో తరిగిన పొర ఎంత అందముగా నున్నను నిర్జీవమైనది. అది పిండము నిన్న ఏ రూపమున నుండెనో, నేడు ఏ రూపమున నున్నదో చూపును. నిన్నటినుండి నేటికి ఎందుచేత మారెనో చెప్పదు. ఆ కారణము తెలియవలెనన్న సజీవమైన పిండమును మన చేతిలోనికి తీసికొని, ఆహారమును మార్చి మార్చి ఇచ్చి చూడవలెను. తమ గ్రంథములోనే ప్రయోగాత్మక పిండశాస్త్రమునకు ఒక ప్రత్యేక ప్రకరణమును కేటాయించిన మహేశ్వరిగారు, తమ శిష్యబృందమును ఇప్పుడా వైపునకు నడిపించిరి.

అప్పటికి ఇతర దేశములలో ఈ విషయమున కొంత కృషి జరిగియుండెను. 1924లో జర్మనీదేశపు డీటెరిష్, నూటికి రెండున్నర మొదలు అయిదు పాళ్ళ చక్కెర కలిపిన పోషకముపై పిండములను పెంచి, ఒక వింతను గమనించెను. ముదురు పిండములు చక్కగా పెరిగినవి. లేతపిండములు మాత్రము తాము గడపవలసిన మిగిలిన దశలను గడపకయే, తొందరపడి మొలకెత్తి, బలహీనములైన మొక్కలైనవి. నెలలు నిండని శిశువు పుట్టినట్లయ్యెను. దీనికి అకాలాంకురణమని పేరు. 1925లో అదే దేశపు లైబాఖ్, రెండు అడవి అవిసె జాతుల సంకరమువలన కలిగిన గింజలు ముడుతలుపడి చచ్చిపోవుచుండుట చూచి, వానిలోని పిండములను ముందుగానే వెలికి తీసి, చక్కెర నీటితో తడిపిన మెత్తపై నుంచి కాపాడెను. ప్రకృతిలో బ్రతుకజాలని మొక్కలు ఆ విధముగా పెరిగి పూచినవి. 1941లో అమెరికాలో వాన్ ఓవర్‌బీక్, బ్లేక్‌స్లీ మున్నగువారు ఉమ్మెత్త లేతపిండములకు కొబ్బరినీరు పోసి పెంచిరి. మనము దాహమునకు త్రాగు కొబ్బరినీరు ప్రకృతి మరియొక పిండముకొరకు సిద్ధపరచిన పోషకమే గదా!

1953లో అదే ఉమ్మెత్తపై రీట్‌సెమా, సటీనా, బ్లేక్‌స్లీ చేసిన ప్రయోగము చక్కెర మర్మమును తేటపరచెను. హృదయాకారము రాకముందున్న లేతపిండమునకు నూటికి ఎనిమిది పాళ్ళ చక్కెర కావలసివచ్చెను. అనగా లీటరు పోషకమునకు 80 గ్రాములు. హృదయాకార దశ ముదిరినపుడు నాలుగు పాళ్ళు చాలెను. పొడవుగా సాగిన పిండమునకు అరపాలు మొదలు ఒక పాలు సరిపోయెను. సంపూర్ణపిండము చక్కెర లేకయే మొలకెత్తెను. పిల్లవాడు పెరిగిన కొలదియు ఆహారము పెంచుట లోకరీతి. ఇక్కడ మాత్రము పిండము పెరిగిన కొలదియు తీపి తగ్గింపవలసి వచ్చినది.

ఇది విచిత్రముగా తోచవచ్చును. కాని ఆవకాయ ఎరిగిన ఇంటివారికి దీని రహస్యము దుర్గ్రాహ్యము కాదు. ముక్కలకు ఉప్పు పట్టించినచో వానిలోని నీరు వెలుపలికి వచ్చును. చిక్కని చక్కెర ద్రావణమునకును ఆ గుణమే కలదు. లేతపిండము తల్లి అండములో చిక్కని రసము నడుమ నుండును. దానిని తీసి పలుచని నీటిలో వేసినచో, నీటిని మితిమీరి పీల్చుకొని, కణములు విభజన మాని ఉబ్బి, మొలకెత్తుటకు తొందరపడును. చుట్టునున్న ద్రావణము చిక్కగా నున్నపుడు ఆ తొందర అణగియుండును. పిండము తన దశలను క్రమముగా గడచును. కావున చక్కెర ఇచట ఆహారము మాత్రమే కాదు, కట్టుబాటు కూడ. దీనిని నిరూపించుటకు పిండము ఆహారముగా గ్రహింపని మానిటాల్ అను తీపి పదార్థమును కొంత చక్కెరకు మారుగా వేసి చూచిరి. ఆకలి తీర్చుటకు తగిన చక్కెర కొంచెమున్నచో, చిక్కదనపు పనిని చాలవరకు మానిటాల్ నిర్వహించెను. ఆహారమువేరు, అదుపు వేరు. లేతవయస్సున రెండును కావలెనని తేలినది.

మహేశ్వరిగారి బృందము ఈ సమస్యను మరియొక దిశనుండి ఎదుర్కొనెను. ఏకకణదశలోనున్న పిండమును సూదితో వెలికి తీయుట ఆనాడు దుస్సాధ్యము. తీసినను అది బ్రతుకుట కష్టము. అట్లయినచో పిండమును ఒంటరిగా తీయనేల? దాని చుట్టునున్న తల్లి కణజాలముతో సహా అండమును, అవసరమైనచో అండాశయమునే పోషకముపై నుంచినచో, పిండము తన సహజమైన ఇంటిలోనే యుండును. ఆ యింటికి కావలసిన చక్కెర, లవణములు వెలుపలనుండి అందును. ఇది ఢిల్లీ పాఠశాల అవలంబించిన పద్ధతి.

దీనికి వారెన్నుకొన్న మొక్క గసగసాలది. దాని కాయలో అండములు వందలకొలది యుండును. 1958లో నిర్మలా మహేశ్వరి, పరాగసంపర్కము జరిగిన ఆరవనాడు గసగసాల అండములను కోసి పోషకముపై నుంచిరి. అప్పటికి వానిలోని పిండము ఒక్క కణముగానో, రెండు కణములుగానో మాత్రమే యుండెను. సముద్రపు పాచినుండి తీసిన అగరుతో గట్టిపరచిన ఆ పోషకము ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నిచ్ కూర్చిన లవణముల మిశ్రమము. దానిలో చక్కెర కలిసియుండెను. సుమారు మూడు వారములలో ఆ పిండములు గోళాకారమును, హృదయాకారమును క్రమముగా గడచి, సంపూర్ణములై, గాజునాళికలోనే మొలకెత్తినవి. తల్లిమొక్క లేదు, కాయ లేదు. అయినను పిండము దశ తప్పలేదు.

ఇట్లు చెప్పుట సులభము. చేయుట సులభము కాదు. తీపి ఉన్నచోటికి చీమలు వచ్చునట్లు, చక్కెర ఉన్న పోషకముపైకి బూజును, సూక్ష్మజీవులును వచ్చును. గాలిలోని ఒక్క బూజుకణము పడినచో వారముల శ్రమ వ్యర్థము. కావున నాళికలను, పరికరములను, పోషకమును ఒత్తిడితో కూడిన ఆవిరిలో కాచి శుద్ధిచేయవలెను. కాచుట మితిమీరినచో చెరకు చక్కెర కొంత విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారును. అప్పుడు తూచి వేసిన చక్కెర ఒకటి, పిండమునకు అందినది మరియొకటి యగును. వేసవిలో ఢిల్లీ వేడిమి వేరు. ఇన్ని ఇక్కట్ల నడుమ విద్యార్థులు నాళిక వెంట నాళికను పరిశీలించుచు, చక్కెరను, లవణములను, కొబ్బరినీటిని, పాలలోని కేసీనునుండి తీసిన పదార్థమును మార్చి మార్చి ఇచ్చుచు ఫలితములను వ్రాసికొనిరి.

1962లో ఈ కృషి పరాకాష్ఠ నందుకొనెను. కుసుమ్ కాంత, ఎన్. ఎస్. రంగస్వామి, మహేశ్వరి కలిసి గసగసాల మొక్కపై ఒక ప్రయోగము చేసిరి. ఇంతవరకు పూవులో ఫలదీకరణము జరిగిన పిమ్మటనే అండములను కోసి పెంచుచుండిరి. ఇప్పుడు పరాగము సోకని అండములనే పోషకముపై నుంచి, వాని మీద నేరుగా పరాగమును చల్లిరి. కీలాగ్రము లేదు, కీలము లేదు. అయినను పరాగరేణువులు అక్కడనే మొలచి నాళములు సాచినవి, అండములలో ప్రవేశించినవి, ఫలదీకరణము జరిగెను, పిండము, అంకురచ్ఛదము రెండును ఏర్పడినవి, గింజలు పండి మొలకెత్తినవి. ఆ పోషకమున చక్కెర నూటికి అయిదు పాళ్ళు. పరాగమునకును, అండమునకును, పుట్టబోవు పిండమునకును ఒకే పళ్ళెములో వడ్డన జరుగవలెను గనుక, మూటికిని సరిపడు పాలు అయియుండవలెను. గాజునాళికలో మానవపిండమునకు ఫలదీకరణము జరిపి, దానివలన శిశువు జన్మించినది 1978లో. పుష్పించు మొక్కకు గాజునాళికలో ఆ భాగ్యము కలిగినది అంతకు పదునారేండ్లు ముందు, మన ఢిల్లీలో.

దీని ప్రయోజనము వేడుక మాత్రమే కాదు. ఒక జాతి పరాగమును మరియొక జాతి కీలాగ్రము అడ్డగించుట ప్రకృతిలో సాధారణము. ఆ తలుపు తీయనిచో గోడనే తొలగించి, పరాగమును అండముకడకు చేర్చు ఉపాయము దీనివలన లభించెను. పంటలకు అడవి జాతుల రోగనిరోధకశక్తిని తేదలచువారికి ఇది యొక క్రొత్త త్రోవ.

గసగసాలతో బాటు ఇతర మొక్కలును ఆ ప్రయోగశాలలో చోటు చేసికొన్నవి. నిమ్మ, నారింజ కుటుంబపు గింజ ఒక్కటి నాటినచో రెండు మూడు మొలకలు వచ్చుట మన తోటమాలులు ఎరిగినదే. వానిలో ఒకటి ఫలదీకరణమువలన కలిగినది కాగా, తక్కినవి తల్లి అండములోని కణజాలమునుండి నేరుగా పుట్టిన పిండములు. రంగస్వామి ఆ కణజాలమునే తీసి పోషకముపై పెంచి, పిండములను, వానినుండి మొక్కలను సాధించెను. మామిడి కొమ్మలపై పరాన్నజీవిగా నుండు బదనిక పిండమును 1962లో బి. ఎం. జోహ్రి, వై. పి. ఎస్. బజాజ్ కృత్రిమ పోషకముపై పెంచి చూచిరి. ఆతిథేయవృక్షము లేకున్నను చక్కెర, లవణములు అందిన బదనిక పిండము పెరుగుట శాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించెను. 1961లో కణజాలవర్ధనముపై ఢిల్లీలో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగెను. దాని వ్యాససంపుటము మహేశ్వరి, రంగస్వామిగార్ల సంపాదకత్వమున 1963లో వెలువడెను.

ఇంతలో మరియొక ఆశ్చర్యము కలిగెను. మహేశ్వరిగారి కుమారుడు సతీశ్ చంద్ర మహేశ్వరియు అదే శాఖలో ఆచార్యుడు. ఆయనయు, శిప్రా గుహయు ఉమ్మెత్త పరాగకోశములను పోషకముపై నుంచి కణవిభజనను పరిశీలించుచుండిరి. కొన్ని వారములకు ఆ కోశములనుండి పిండములవంటివి బయటకు పొడుచుకొని వచ్చినవి. 1964లో వారీ విషయమును ప్రకటించిరి. అవి కోశపు గోడలనుండి పుట్టినవా, పరాగరేణువులనుండి పుట్టినవా అను సందేహము 1966లో తీరెను: అవి పరాగరేణువులనుండి పుట్టినవే. ఉమ్మెత్త కణములలో సాధారణముగా 24 క్రోమోజోములుండును. వీనిలో 12 మాత్రమే యుండెను. పరాగకోశములను పోషకముపై పెంచి, తల్లి పాలు లేకుండ, తండ్రి అంశము మాత్రమే గల మొక్కను పొందుట అదియే తొలిసారి. ఇట్టి మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేసినచో ఒక్క తరములోనే స్థిరమైన గుణములుగల వంగడము లభించును. అంతకు ముందు దానికి ఆరేడు తరముల సాగు కావలసియుండెను. చీనా, ఐరోపా దేశములలో వరి, గోధుమ, యవ, ఆవ వంగడములను ఈ పద్ధతిని అనుసరించి సృష్టించిరి.

పరిశోధనలో ఇంత లీనమైయుండియు మహేశ్వరిగారు పాఠశాల విద్యార్థులను మరువలేదు. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి, ఉన్నత పాఠశాలలకు జీవశాస్త్ర పాఠ్యపుస్తకమును సిద్ధపరుప సంకల్పించినపుడు, ఆ సంఘమునకు వారే అధ్యక్షులైరి. విదేశపు మొక్కల పేర్లతో నిండిన పుస్తకములను చదివి విసిగిన భారతీయ విద్యార్థికి తన దేశపు చెట్టు చేమలతోనే జీవశాస్త్రము నేర్పవలెనన్నది ఆ కార్యమునందలి లక్ష్యము. 1965లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యులుగా ఎన్నుకొని గౌరవించెను. మరుసటి సంవత్సరమే, 1966 మే 18వ తేదీన, అరువది రెండేండ్లు నిండకమునుపే, వారు ఢిల్లీలో దివంగతులైరి. పాఠ్యపుస్తకము పని, ప్రయోగశాలలో మొదలైన ప్రయోగములు శిష్యుల చేతిలో మిగిలినవి.

ఆ తరువాతి కాలమున వారి ప్రశ్నకు సమాధానములు ఒక్కొక్కటిగా వచ్చినవి. ఆవ జాతికి చెందిన రేప్ మొక్క పరాగరేణువులనుండి పిండములను పెంచుటకు లీటరుకు 130 గ్రాముల చక్కెర మేలని 1980వ దశకమున తేలినది. యవల పరాగకోశములకు చెరకు చక్కెరకంటె మాల్టోజు అను యవచక్కెర హితమని కనుగొనిరి. చెరకు చక్కెర త్వరగా విరిగిపోవును, మాల్టోజు నెమ్మదిగా విరుగును. 1993లో జర్మనీలో క్రాంట్స్, లోర్ట్స్ అను శాస్త్రజ్ఞులు మొక్కజొన్న స్త్రీబీజమును, పురుషబీజమును విడివిడిగా తీసి, గాజుపాత్రలో కలిపి, ఆ ఏకకణమునుండి గింజలు కాయు మొక్కను పెంచిరి. 1958లో తల్లి అండము చాటున తప్ప సాధ్యపడని పని ఆనాటికి ఒంటరి కణముతోనే సాధ్యమయ్యెను.

అంతకంటె లోతైన విషయము చిక్కుడు జాతికి చెందిన బాకలా గింజలలో 1990వ దశకమున తెలిసెను. గింజ లేతగా నున్నంతవరకు దానిలో గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువగా నుండును. అప్పుడు కణములు విభజన చెందుచుండును. గింజ ముదురగానే చెరకు చక్కెర పాలు పెరిగి, విభజన ఆగి, పిండిపదార్థమును మాంసకృత్తులను దాచుకొనుట మొదలగును. చక్కెర ఆహారము మాత్రమే గాక, పెరుగుమనియు, ఇక పండుమనియు పిండమునకు తెలుపు సంకేతము కూడనని దీనివలన బోధపడెను. పాలకంకి తియ్యగా నుండి, ముదిరిన కంకి పిండిగా మారుటలో మన రైతులు ఎరిగిన మార్పు ఇదియే.

నేడు కడప, అనంతపురము జిల్లాల తోటలలో నాటుచున్న కణజాలవర్ధనపు అరటి మొక్కలు పిండములనుండి గాక పిలకల చివుళ్ళనుండి పుట్టినవి. అయినను అవియు మొదట లీటరుకు 30 గ్రాముల చక్కెర కలిపిన పోషకముపై గాజుసీసాలలో పెరిగినవే. నేలకు దిగుటకు ముందు వానికి ఆ తీపిని మాన్పి, ఎండను, గాలిని అలవాటు చేయుదురు. మాన్పక నేరుగా నాటినచో వాడిపోవును. మరీ ముందుగా మాన్పినను నిలువవు.

అలహాబాదులో గురువునకు ఇచ్చిన మాటను మహేశ్వరిగారు ఎట్లు నిలుపుకొనిరో ఇప్పుడు చెప్పనక్కరలేదు. గసగసాల పిండమును పెంచిన పేరు శిష్యురాలిది. నాళికలో ఫలదీకరణము జరిపిన వ్యాసములో మొదటి పేరు శిష్యురాలిది. నిమ్మ పిండములు శిష్యునివి. ఉమ్మెత్త పరాగము కుమారునిది, ఆయన సహచరిది. వారి చుట్టు తాము చిక్కని పోషకమై యుండి, వారు తొందరపడి మొలకెత్తకుండ ఆపి, సమయము వచ్చినపుడు తామే తొలగినవారు మహేశ్వరిగారు. తరగతిలో నలుబదిమంది పిల్లలకు ఒకే పాళ్ళలో పాఠము వడ్డించు ఉపాధ్యాయునకు వారి ప్రయోగశాల ఒక చిన్న మాట గుర్తుచేయుచున్నది: చక్కెర తూచుటకు ముందు పిండము ఏ దశలో నున్నదో చూడవలెను.